చెన్నైలో పధ్నాలుగో అంతస్తు నుంచి తుఫాను చూడాలంటే

ప్రశ్న: నిజామాబాద్ నుంచి ఉద్యోగం కోసం చెన్నై వచ్చాం. పెరుంబాక్కంలో పధ్నాలుగో అంతస్తు, తూర్పు బాల్కనీ. సముద్రపు తుఫాను ఎప్పుడూ చూడలేదు. ఈసారి వస్తే కళ్ళారా చూడాలని ఉంది. ఇంట్లోవాళ్ళు నీకేమైనా పిచ్చా అంటున్నారు. ప్రమాదం లేకుండా చూసే దారి ఉందా? ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి?

జవాబు:

పిచ్చేమీ కాదు. కరీంనగర్, నిజామాబాద్ వైపు ఎండాకాలం ఈదురుగాలి అరగంట ఊగించి పోతుంది. సముద్రపు తుఫాను పద్ధతి వేరు. రెండు రోజుల ముందే కబురు పంపి, గంటగంటకూ దగ్గరవుతూ, దిక్కులు మార్చుకుంటూ వస్తుంది. చదవడం తెలిస్తే ఇంట్లో కూర్చునే ఆ నడక అంతా పట్టుకోవచ్చు. ఒక్కటి మాత్రం ముందే తేల్చుకోండి. మీరు చూడాలనుకుంటున్నది గాలిని. చెన్నైలో మనుషుల్ని ఎక్కువగా కష్టపెట్టేది నీళ్ళు. రెండూ ఒకే రోజున రావాలని లేదు.

2015 డిసెంబరు 1న నగరాన్ని ముంచినప్పుడు అసలు తుఫానే లేదు. ఒక్క రోజులో తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన పడింది, అంతే. ఏడాది తిరిగాక 2016 డిసెంబరు 12న వర్దా వచ్చింది. అది గాలి తుఫాను. గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలికి చెట్లు వేలల్లో కూలాయి, కరెంటు పోయింది. 2023లో మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర, డిసెంబరు 5న. మునిగింది మాత్రం చెన్నై, అంతకు ముందు రెండు రోజుల్లో. నగరానికి తూర్పున సముద్రంలో మెల్లగా ఉత్తరానికి జరుగుతూ వాన కుమ్మరించి పోయింది. కాబట్టి టీవీలో "ఎక్కడ తీరం దాటుతుంది" అన్న ఒక్క ముక్కకే అతుక్కుపోకండి. ఎంత నెమ్మదిగా కదులుతోందో చూడండి. వేగంగా వచ్చేది గాలితో కొడుతుంది. నింపాదిగా కదిలేది నీళ్ళతో కొడుతుంది.

ఊరుగాని ఊళ్ళో మొదటి ఇబ్బంది భాష. స్థానిక చానళ్ళలో వినబడే తమిళ మాటలకు మన మాటలు ఇవీ. "తాళ్వు పగుది" అంటే అల్పపీడనం. "తాళ్వు మండలం" అంటే వాయుగుండం, దాని ముందు "ఆళ్‌న్ద" చేరిస్తే తీవ్ర వాయుగుండం. "పుయల్" అంటే తుఫాను. "కరైయై కడక్కుం" అంటే తీరం దాటుతుంది. "కనమళై" భారీ వర్షం, "మిగ కనమళై" అతి భారీ వర్షం. రెండు మాటలు మనల్ని తికమక పెడతాయి. "ఏరి" అంటే ఏరు కాదు, చెరువు. "వెళ్ళం" అంటే వరద. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరైనా "వెళ్ళం" అని పెడితే వాళ్ళు ఎక్కడికో వెళ్ళనంటున్నారని అనుకోకండి. ఆ రోజు వెళ్ళకపోవడమే మంచిదనుకోండి, అది వేరే సంగతి.

అంకెలు కూడా తెలిసి ఉండాలి. గాలి గంటకు 31 నుంచి 50 కిలోమీటర్లుంటే వాయుగుండం, 51 నుంచి 62 అయితే తీవ్ర వాయుగుండం. 63 దాటితే తుఫాను, పేరు పెట్టేది అప్పుడే. 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. ఇవి మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటుతో చెప్పే లెక్కలు, విసురు వేరు. "80 నుంచి 90, విసురు 100" అంటే క్షణకాలం కొట్టే దెబ్బ వంద అని. పైగా గాలిమాపకం నేలకు పది మీటర్ల ఎత్తున ఉంటుంది. మీరుండేది నలభై మీటర్ల పైన. అక్కడ వేగం ఇరవై శాతం దాకా ఎక్కువ ఉండొచ్చు. వార్తల్లో 80 అంటే మీ బాల్కనీలో 95 అనుకుని సిద్ధపడండి.

వాన సంగతి: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఈ లెక్క ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 వరకు. "నిన్న మీనంబాక్కంలో 12 సెంటీమీటర్లు" అన్నప్పుడు అందులో ఇవాళ తెల్లవారుజాము వాన కూడా కలిసి ఉంటుంది.

ఇక చూడటం. అసలు సరదా గాలి దిక్కు పట్టుకోవడంలో ఉంది. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం సుమారుగా మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. దీనికోసం బాల్కనీలోకి వెళ్ళకండి. గోడల మూలలు గాలిని మెలితిప్పుతాయి కాబట్టి అక్కడ తెలిసే దిక్కు తప్పు. కిటికీలోంచి కిందున్న కొబ్బరి చెట్ల తలలు ఎటు వంగుతున్నాయో, బాగా కిందుగా పరుగెత్తే చిరుగు మేఘాలు ఎటు పోతున్నాయో చూడండి. మేఘాలది మరింత నమ్మకమైన సాక్ష్యం.

తుఫాను ఆగ్నేయం నుంచి వస్తుంటే మొదట గాలి ఉత్తరం, ఈశాన్యం నుంచి వీస్తుంది. గంటలు గడిచేకొద్దీ అది తూర్పుకు, తర్వాత ఆగ్నేయానికి తిరిగితే కేంద్రం మీకు దక్షిణంగా పోతున్నట్టు. 2020 నవంబరులో నివర్, 2022 డిసెంబరులో మామల్లపురం దగ్గర దాటిన మాండౌస్, 2024 నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర దాటిన ఫెంగల్ ఈ దారివే. అలా కాకుండా వాయవ్యానికి, పడమరకు తిరిగితే కేంద్రం ఉత్తరంగా పోతున్నట్టు. మిచౌంగ్ ఈ రకం.

మీ తూర్పు బాల్కనీకి ఈ తేడా ప్రాణం లాంటిది. దక్షిణంగా పోయే తుఫాను గాలి, వాన తిన్నగా మీ స్లైడింగ్ తలుపు మీదికే వస్తాయి. ఆ రాత్రి హాల్లో కూర్చుని చూడటం తప్పు. పడమర వైపు గది కిటికీ దగ్గరికి మారండి. ఉత్తరంగా పోయే తుఫానైతే మొదటి గంటలు మినహా గాలి భవనం వెనక నుంచి కొడుతుంది. అప్పుడు తూర్పు అద్దం వెనక నిలబడి, వాన తెర మీ ఎదుట అడ్డంగా ఎగిరిపోవడం చూడొచ్చు. ఎప్పుడైనా గాలి చాటు వైపు నుంచే చూడాలి, గాలి మారితే గది మారాలి.

కేంద్రం సరిగ్గా నగరం మీదుగా పోతే ఇంకో వింత. ఉత్తరపు గాలి హోరుమంటూ ఉండగా ఉన్నట్టుండి చల్లబడుతుంది, వాన ఆగుతుంది, ఒక్కోసారి ఆకాశం తెరిపిస్తుంది. జనం అయిపోయిందనుకుని కారు చూసుకోవడానికి, విరిగిన కొమ్మలు తీయడానికి దిగుతారు. అది తుఫాను కన్ను. కాసేపటికి గాలి దక్షిణం నుంచి, మొదటి దానికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి లేస్తుంది. అప్పటిదాకా ఒక వైపుకు వంగి వేళ్ళు సడలిన చెట్టు రెండో వైపు దెబ్బకు ఆగదు. ఉన్నట్టుండి నిశ్శబ్దం వస్తే కనీసం రెండు గంటలు కిందికి దిగకండి. మెల్లగా, విసురుకూ విసురుకూ మధ్య ఎడం పెరుగుతూ తగ్గిన గాలే నిజంగా తగ్గిన గాలి.

ఫోన్లో గాలిపీడనం కొలిచే సెన్సారు ఉంటే (అన్ని ఫోన్లలో ఉండదు) ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. మన వైపు పీడనం రోజూ తానే రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. మూడు నాలుగు హెక్టాపాస్కళ్ళ (ఫోను పీడనం చూపించే కొలత) తేడా మామూలే. సాయంత్రం తగ్గింది కదా అని తుఫాను దగ్గరికొచ్చిందనుకోకూడదు. నిన్న ఇదే గంటకు ఎంత ఉందో రాసుకుని దానితో పోల్చండి. నిన్నటి కంటే మూడు నాలుగు తగ్గి, గంటగంటకూ ఇంకా పడిపోతుంటే అది తుఫాను పనే. ఎత్తు లెక్క కూడా ఉంది: ప్రతి ఎనిమిదిన్నర మీటర్లకు సుమారు ఒకటి తగ్గుతుంది. మీ అంతస్తులో నేల మీది కంటే ఐదు తక్కువ చూపిస్తే కంగారు పడకండి. పడటం ఆగి పెరగడం మొదలైతే కేంద్రం మిమ్మల్ని దాటేసినట్టు.

రాడార్ చిత్రాలు వాతావరణ శాఖ మౌసం సైట్లో దొరుకుతాయి. చెన్నైతో పాటు శ్రీహరికోట రాడార్ కూడా చూడండి. ఒక్క చిత్రంతో ఏమీ తెలియదు, వరసగా నాలుగైదు చూస్తే వాన పట్టీలు సుడి తిరగడం కనబడుతుంది. పదిహేను నిమిషాల వాన, కాస్త విరామం, మళ్ళీ వాన అంటే ఒక్కో పట్టీ మీ నెత్తిన దాటుతున్నట్టు. విరామాలు కురచ అవుతున్నాయంటే కేంద్రం దగ్గరపడుతోంది.

రాత్రి దూరంగా నేలకు దగ్గరలో నీలం, ఆకుపచ్చ కలిసిన వెలుగు భగ్గుమంటే అది మెరుపు కాదు. ట్రాన్స్‌ఫార్మరో తీగలో పేలడం. ఆ వెలుగు ఎటు వచ్చిందో చూసుకుంటే కరెంటు ఏ పేటలో పోయిందో తెలుస్తుంది. ఇంకోటి, బాత్రూంలో కమోడులో నీళ్ళు వాటంతటవే పైకీ కిందికీ ఊగుతుంటాయి. డాబా మీది గాలిగొట్టం పైనుంచి విసురు పోయినప్పుడు లోపలి పీడనం మారడమే దానికి కారణం. భూకంపం కాదు. లిఫ్ట్ గొట్టంలోంచి ఈల కూడా వస్తుంది. పిల్లలుంటే ముందే చెప్పి ఉంచండి.

తలుపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమందికి నష్టం జరిగేది అక్కడే కాబట్టి. గాలి తాకిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. 50 నుంచి 100కు వెళ్తే బలం రెట్టింపు కాదు, నాలుగింతలు. గంటకు వంద కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 47 కిలోల బరువుతో నెడుతుంది. మీ బాల్కనీ తలుపు ఐదు చదరపు మీటర్లుంటే 235 కిలోలు, నలుగురు మనుషులు ఒకేసారి భుజం పెట్టినట్టు. మంచి యూపీవీసీ తలుపు దీనికి తట్టుకుంటుంది. గడియ పూర్తిగా పడకపోతే, కింద చక్రాలు అరిగి తలుపు పట్టాల్లో వదులుగా ఉంటే తట్టుకోదు. ఇప్పుడే తలుపును రెండు చేతులతో పైకెత్తి చూడండి. పట్టాలోంచి బయటికొచ్చేంత లేస్తే చక్రాల స్క్రూలు సరిచేయించాలి.

లోపలికి నీళ్ళు రావడం వేరే జబ్బు. పట్టాల బయటి అంచున సన్నని కంతలుంటాయి, పట్టాలో చేరిన నీళ్ళు వాటిలోంచి బయటికి పోవాలి. ఏడాది దుమ్ము, పావురాల ఈకలతో అవి మూసుకుపోతాయి. అప్పుడు పట్టా తొట్టిలా నిండి హాల్లోకి పొర్లుతుంది. పాత టూత్‌బ్రష్షు, సన్నని తీగతో శుభ్రం చేసి, ఒక చెంబు నీళ్ళు పట్టాలో పోసి చూడండి. అర నిమిషంలో ఖాళీ కావాలి. బాల్కనీ నేల జాలీ కూడా అంతే. ఎంత చేసినా గట్టి గాలికి నీళ్ళు కంతల్లోంచి వెనక్కి చిమ్ముతాయి, దానికి పాత తువ్వాళ్ళు చుట్టి లోపలి అంచున పెట్టడమే. అద్దానికి అడ్డంగా టేపు అంటించడం దండగ పని. దానివల్ల అద్దానికి బలం రాదు. పీడనం సమం కావాలని కిటికీ తెరిచి ఉంచడం అంతకంటే తప్పు, లోపలికొచ్చిన గాలి ఎదుటి తలుపును విరగ్గొడుతుంది. కుండీలు, బట్టల స్టాండు, చీపురు, ఖాళీ వాటర్ క్యాన్లు ముందురోజే లోపలికి తెచ్చేయండి. ఆ ఎత్తు నుంచి పడే తులసికోట కింద ఎవరి మీద పడుతుందో తెలియదు.

సముద్రం దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు. ఈ ఒక్క విషయంలో ఇంట్లోవాళ్ళ మాటే నా మాట. 2012 అక్టోబరు 31న నీలం తుఫానులో ప్రతిభా కావేరి అనే ట్యాంకరు ఓడ లంగరు తెగి బీసెంట్ నగర్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దిగి తప్పించుకోబోయిన నావికుల్లో కొందరు పడవ తిరగబడి చనిపోయారు. పట్టినపాక్కం లాంటి చోట్ల అల ఇసుకను కిందనుంచి కోసుకుపోతుంది, నిలబడ్డ చోటే కుంగుతుంది. పైగా అంత వానలో పది అడుగుల అవతల ఏమీ కనబడదు. మీ అంతస్తు నుంచి కనబడేది అంతకంటే ఎక్కువ.

ఇప్పుడు నీళ్ళు. పధ్నాలుగో అంతస్తు మునగదు. మీ జీవితాన్ని నడిపే సామానంతా కిందే ఉంటుంది: కారు, మీటర్ల గది, జనరేటరు, సంపు, లిఫ్ట్ గుంట. పెరుంబాక్కం పక్కనే పళ్ళికరణై చిత్తడి నేల. చుట్టుపక్కల చెరువుల పొర్లునీరు అక్కడికి చేరి, ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి, కోవళం దగ్గర సముద్రంలో కలవాలి. తుఫాను వేళ సముద్రమే పొంగి ఉంటే ఆ నోరు మూసుకుపోయినట్టే. అందుకే వాన ఆగాక, ఎండ కూడా కాశాక మీ వీధిలో నీళ్ళు పెరగడం మొదలవుతుంది. మర్నాడు పొద్దున కొలిచి, తగ్గిందని కారు దించినవాళ్ళు మోసపోయేది ఇక్కడే. చెంబరంబాక్కం చెరువు నిండిందన్న ఫార్వర్డులు మాత్రం మిమ్మల్ని ఉద్దేశించినవి కావు. 24 అడుగుల మట్టం ఉన్న ఆ చెరువు వదిలే నీళ్ళు అడయారు నదిలోకి పోతాయి. భయపడాల్సింది మణపాక్కం, సైదాపేట, కోట్టూర్‌పురం వాళ్ళు.

కారును బేస్‌మెంట్ నుంచి ముందురోజే తీసేయండి. 2024 అక్టోబరులో రెడ్ అలర్ట్ రాగానే వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద జనం కార్లు వరసగా పెట్టేశారు. తర్వాత అనుకున్నంత వాన పడకపోయేసరికి నవ్వినవాళ్ళున్నారు. నా మటుకు పెట్టినవాళ్ళదే తెలివి. చక్రం సగం దాకా మునిగిన కారును స్టార్ట్ చేయకండి. ఇంజన్లోకి నీళ్ళు పీలిస్తే లోపలి కడ్డీలు వంగుతాయి, మామూలు పాలసీ దానికి డబ్బివ్వదు, ఇంజన్ రక్షణ అదనంగా తీసుకుని ఉండాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేసి లాగించుకు వెళ్ళాలి. గాలి లేవగానే లిఫ్ట్ ఎక్కడం మానేయండి. లిఫ్టులను పై అంతస్తులో నిలిపి ఆపమని అసోసియేషన్‌కు చెప్పండి, గుంటలో నీళ్ళు చేరినా పెట్టె పాడవదు.

కరెంటును ఈబీ (విద్యుత్ బోర్డు) వాళ్ళు ముందే తీసేస్తారు, తీగలు తెగితే ప్రాణాలు పోతాయి కాబట్టి. ఎప్పుడొస్తుందో చెప్పలేం, మూడు రోజులకు సిద్ధపడండి. 150 ఏహెచ్ ఇన్వర్టరు బ్యాటరీ కాగితం మీద 1800 వాట్ అవర్లు, చేతికొచ్చేది వెయ్యి, పన్నెండు వందలు. రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు కలిపి వంద వాట్లలో ఉంటే పది గంటలు. ఇంట్లో రూటరు వెలుగుతున్నా వీధిలోని పెట్టెకు కరెంటు పోతే నెట్ రాదు. సెల్ టవర్ల బ్యాటరీలు కూడా కొన్ని గంటలే. కాబట్టి బ్యాటరీ రేడియో ఒకటి, చిల్లరతో సహా నగదు కొంత ఉంచండి. మనిషికి రోజుకు మూడు లీటర్ల లెక్కన తాగునీళ్ళు, నలుగురికి మూడు రోజులంటే 36 లీటర్లు, అంటే రెండు క్యాన్లు. మోటారు తిరగదు కనుక బాత్రూం డ్రమ్ములు, బకెట్లు అన్నీ నింపండి. ఆవిన్ పాల ప్యాకెట్లకు ముందురోజు సాయంత్రమే గొడవ మొదలవుతుంది, పొద్దున్నే తెచ్చుకోండి. ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి ఉంటే కరెంటు పోయిన పూటే వేసేయండి. కొవ్వొత్తులొద్దు, తలకు తగిలించుకునే టార్చి నయం.

మీ సరదా మెరుపులు, ఉరుములే అయితే తుఫాను కోసం ఆగనక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వేలూరు, చిత్తూరు వైపు మధ్యాహ్నం పుట్టిన ఉరుముల మేఘాలు పడమటి గాలితో జరిగి సాయంత్రానికో రాత్రికో చెన్నై చేరుతాయి. పడమర కిటికీ నుంచి చూస్తే అది తుఫాను కంటే అందమైన దృశ్యం. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లను మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ఉరుము ముప్ఫై సెకన్ల లోపు వస్తే బాల్కనీ వదిలేయండి, ఇనుప గ్రిల్ ముట్టుకోకండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

తుఫాను వెళ్ళాక కిందికి దిగేటప్పుడు నీళ్ళలో నడవాల్సి వస్తే కర్రతో ముందు తడుముతూ నడవండి, డ్రైనేజీ మూతలు తేలిపోయి ఉంటాయి. తెగిన తీగ కనబడితే దగ్గరికి పోకుండా ఈబీ నంబరు 94987 94987కు చెప్పండి. చెట్లు, నిలిచిన నీళ్ళ గురించి చెన్నై కార్పొరేషన్ పరిధిలోనైతే 1913. సంపు మూత మీదుగా వీధి నీళ్ళు పోయాయని ఏమాత్రం అనుమానమున్నా మోటారు వేయకండి, ఆ మురికి డాబా ట్యాంకులోకి, అక్కణ్ణుంచి ప్రతి ఇంటి కుళాయిలోకి చేరుతుంది. సంపు ఖాళీ చేసి, గోడలు రుద్ది కడిగి, మళ్ళీ నింపాక వెయ్యి లీటర్లకు 5 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ బకెట్లో కలిపి, తేరిన నీళ్ళు మాత్రమే పోసి, గంట ఆగాక వాడండి. ఇరవై వేల లీటర్ల సంపుకు వంద గ్రాములు. తాగడానికి మాత్రం ఇంకో వారం క్యాన్ నీళ్ళో, కాచినవో వాడండి.